వీరవేణి చదివింపులు

మా వైపు పెళ్ళైనా, ఓణీలైనా, గృహప్రవేశమైనా భోజనాల పందిరి పక్కన ఒక బల్ల వేస్తారు. బల్ల మీద స్టీలు పళ్ళెం, ఒక పొడుగు పుస్తకం, ఒక మైకు ఉంటాయి. వచ్చినవాళ్ళు కట్నం పళ్ళెంలో పెడితే ఒకడు పుస్తకంలో రాస్తాడు, ఇంకొకడు మైకులో చదువుతాడు. "ఫలానా ఊరి వాస్తవ్యులు ఫలానావారు చదివించిన కట్నం ఐదువందల పదహార్లూ" అని. ముమ్మిడివరం నుంచి కాట్రేనికోన దాకా పాతికేళ్ళుగా ఆ చదివేవాణ్ణి నేను. ఉద్యోగం బడిపంతులే గాని, పేరు తెచ్చిపెట్టింది మాత్రం మైకు. గొంతు బాగుంటుందని నేను అనుకోవడం కాదు, వంటవాళ్ళు కూడా అన్నారు.

ఓసారి ఒక పెద్దమనిషి ఐదువందల పదహార్లు ఇస్తే ఐదువేల పదహార్లని చదివేశాను. ఆయన అప్పుడే గారె కొరికాడు. పందిరంతా తిరిగి ఆయన వైపు గౌరవంగా చూసింది. కాదని లేచి చెప్పడానికి మొహం చెల్లక, బావమరిదిని చాటుకి పిలిచి నాలుగున్నర వేలు చేబదులు పుచ్చుకుని, తెచ్చి పళ్ళెంలో పెట్టి నన్నొక చూపు చూశాడు. ఇప్పటికీ తానెక్కిన బస్సులో నేనున్నట్టు తెలిస్తే ఆయన దిగిపోతాడు.

ఇది వినోదానికి చెప్పానుగాని, అసలు సంగతి వేరే ఉంది. చదివింపంటే దానం కాదు. ఇవాళ మీ ఇంట్లో నేను ఐదువందలు చదివిస్తే, రేపు మా ఇంట శుభకార్యానికి మీరు ఆ ఐదువందలూ తిరిగి చదివించాలి. ఎవరిచ్చిందెంతో చూసుకోవడానికి ప్రతి ఇంట్లోనూ పుస్తకం ఉంటుంది. భూమి ఉన్నవాళ్ళు దాన్ని దస్తావేజుల పక్కన దాస్తారు. భూమి లేనివాళ్ళకి అదే దస్తావేజు. ఈ లెక్క నాకంటే బాగా తెలిసినవాడు మా మండలంలో లేడని నా గర్వం. తెలియవలసిన రోజున మాత్రం నాకది తెలియలేదు. అందువల్ల నష్టపడింది నేను కాదు, వీరవేణి.

వీరవేణిది గుల్లతిప్ప. కాట్రేనికోన దాటి, రొయ్యల చెరువుల గట్ల మీద ఆటో పోయినంతమేర పోయి, అక్కణ్ణించి పావుగంట నడిస్తే వస్తుంది. అరవై గడప. ఒక పక్క ఏటిపాయ, ఒక పక్క కాలవ, వెనకంతా చెరువులు. ఏ గుమ్మంలో నిలబడినా నీళ్ళు పాతిక అడుగులు దాటవు. మగవాళ్ళు బోట్ల మీద వెళ్తారు. ఆడవాళ్ళు రొయ్యల తలలు తీసే షెడ్డుకి వెళ్తారు. వాళ్ళని తీసుకెళ్ళే ఆటో నాలుగున్నరకి వస్తుంది, పొద్దెక్కేలోగా రొయ్య ఐసులో పడాలి మరి.

ఆమె కూడా పద్నాలుగేళ్ళు ఆ ఆటోయే ఎక్కింది. ఐసులో నాని నాని వేళ్ళ కొనలు పుండ్లుపడి, ఓ ఏడాది పని మానేసి ఇంటి దగ్గర కూర్చుంది. పక్కింటావిడ "ఎలాగూ ఉన్నావు కదా, కాస్త చూస్తుండే" అని పిల్లనొకదాన్ని అప్పజెప్పి వెళ్ళింది. నెల తిరిగేసరికి ఆమె అరుగు మీద ఏడుగురు చేరారు. ఆమెకీ మొగుడు పోలిరాజుకీ పిల్లలు లేరు. ఆ మాట ఊళ్ళో ఎవరూ మొహాన అనలేదు. అన్నప్రాసనల్లో మొదటి ముద్ద పెట్టే వరసలోకి మాత్రం ఎవరూ రమ్మనలేదు. అయినా ఆమె వెళ్ళని ఫంక్షను లేదు. ఎప్పుడూ ఒకటే పసుపు సిల్కు చీర. కవరు పళ్ళెంలో పెట్టి, పుస్తకంలో పేరు ఎక్కిందో లేదో ఒంగి చూసుకునేది. చదువు రాదు, 'వీ' ఒక్కటీ గుర్తుపట్టేది. అది కనపడ్డాక భోజనానికి లేచేది.

ఆ మరుసటేడు ఆమె వేళ్ళు మానాయి. మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. ఆ నెలలోనే మూడేళ్ళ పిల్లాడొకడు కాలవలో పడిపోయాడు. దొరికేసరికి మధ్యాహ్నమైంది. తల్లికి షెడ్డులో కబురందేసరికి మూడైంది. ఆ మర్నాడు ఆటో వస్తే వీరవేణి ఎక్కలేదు. ఇక ఎప్పుడూ ఎక్కనంది.

కరోనా సద్దుమణిగిన ఏడు హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళొచ్చారు. వాళ్ళ తరఫున వచ్చినమ్మాయి పేరు మమత. ముప్పై ఏళ్ళుండవు, చెప్పిందల్లా శ్రద్ధగా రాసుకునేది. మీకేం కావాలని అడిగితే, మూడు బోట్ల ఆసామీ, ఊరిపెద్దా అయిన గంగబాబు గారు ఐసు ఫ్యాక్టరీ కావాలన్నారు. మమత ఆ మాట కూడా రాసుకుని, వెళ్తూ వెళ్తూ వీరవేణి అరుగు దగ్గర ఆగిపోయింది. అప్పటికి పదకొండు మంది పిల్లలు అక్కడ వరసగా కూర్చుని జావ తాగుతున్నారు.

అలా తుఫాను షెల్టరు మేడ మీద హాల్లో పిల్లల కేంద్రం వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా. అంగన్‌వాడీ ఉందిగాని, అది కాలవ అవతల. పైగా తొమ్మిదికి గాని తెరవరు. ఆ తప్పు వాళ్ళది కాదు, నాలుగున్నరకి ఆటో ఎక్కే తల్లులుంటారని ఆ టైము పెట్టినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఐదేళ్ళలోపు పిల్లలు ముప్పై ఒక్కమంది. వీరవేణి, ఇంకో సాయం మనిషి. రాగిజావ, గుడ్డు, పప్పన్నం, నిద్ర. మెట్ల దగ్గర పిల్లలు ఎక్కలేనంత ఎత్తున అడ్డపలక. కేంద్రం బోర్డు నేనే రాశాను, చివర 'ఉచితం' అని ఎర్రరంగుతో. నా దస్తూరీ మీద నాకు మమకారం. ఆమెకి రాయడం రాదు గనక సంస్థకి ఉత్తరాలూ రిపోర్టులూ కూడా నేనే రాసేవాణ్ణి.

మూడేళ్ళలో గుల్లతిప్పలో ఒక్క పిల్ల కూడా నీళ్ళపాలు కాలేదు. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేకపోయాను. ఫోటోలు జతచేయమంటారు, జరగనిదానికి ఫోటో ఎక్కణ్ణించి తేను?

మూడో ఏడు చివర మమత వచ్చింది. అడ్డపలక దాటి లోపలికొచ్చి, నిద్రపోతున్న పిల్లల్ని చూస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

"మూడేళ్ళ ప్రాజెక్టు కదా మాస్టారూ. వచ్చే నెలతో ఆఖరు."

"మరి పిల్లలండీ?" అంది వీరవేణి.

"ఊరివాళ్ళే నడుపుకోవాలమ్మా. ఎప్పటికైనా అదే పద్ధతి." ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఊరు ఎంతో కొంత వేసుకుంటుందని మీరు చూపిస్తే మా పెద్దవాళ్ళకి చెప్పి ఇంకో రెండేళ్ళు ఇప్పిస్తాను. ఆ పూచీ నాది."

ఆమె వెళ్ళాక మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. మూడేళ్ళ ప్రాజెక్టని తెలుసు గనక అంతకుముందే నేను చందాలకి తిరిగి చూశాను. షెడ్డు యజమాని కాఫీ ఇచ్చి, "వాళ్ళు మా మనుషులు కారండి, కంట్రాక్టరు మనుషులు" అన్నాడు. కంట్రాక్టరు కాఫీ కూడా ఇవ్వలేదు. చెరువుల ఆసామీ ఒకాయన గోడగడియారం ఇచ్చాడు. దాని మీద ఆయన పేరు, తండ్రి పేరు, ఊరిపేరు పడ్డాక అంకెలకి చోటు చాలలేదు. పన్నెండూ ఆరూ మాత్రం మిగిలాయి.

"ఊరికే ఇమ్మంటే ఎవరూ ఇవ్వరమ్మా," అన్నాను. "ఫంక్షను చేద్దాం. మన కేంద్రంలో ఆరునెలలు దాటి అన్నప్రాసన కాని పిల్లలు పదిమంది ఉన్నారు కదా. అందరికీ కలిపి అన్నప్రాసన. బల్ల వేసి, మైకు పెట్టి చదివింపులు పుచ్చుకుందాం. వచ్చిందంతా కేంద్రానికి."

"కార్డు మీద ఎవరి పేరు వేస్తారండి, పిలిచినోరని?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు. "కేంద్రం పేరు వేస్తే కార్డుకి కళ ఉండదు. మీ దంపతుల పేర్లే వేద్దాం. వీరవేణి, పోలిరాజు. బావుంటుంది."

ఆమె చాలాసేపు కాలవ వైపు చూసింది. చేతిలో ఉన్న పిల్లకి జోకొట్టడం ఆపేసింది, ఆ పిల్ల కదిలితే మళ్ళీ మొదలెట్టింది.

"మా పేర్లే వేస్తే అందరూ వస్తారండి," అంది. "ఇస్తారు కూడాను."

ఎంత ఆత్మవిశ్వాసం అనుకున్నాను. పంతుల్ని కదా, మెచ్చుకోవడమే తెలుసు.

వైశాఖమాసంలో మంచిరోజు చూసి ఫంక్షను చేశాం. వీరవేణి మొదటిసారి ఆ పసుపు చీర పక్కన పెట్టి, ఆకుపచ్చది కట్టుకుంది. పదిమంది పిల్లల్నీ వరసగా చాపమీద కూర్చోబెట్టి, ఎదురుగా పుస్తకం, పెన్ను, డబ్బు, చాకు, అరటిపండు పెట్టారు. ఏ పిల్ల ఏది పట్టుకుంటే ఆ రాత అని కదా నమ్మకం. ఒకడు నా మైకు తీగ పట్టుకున్నాడు. ఒకతి అరటిపండు మీద పడింది. మిగతా ఎనమండుగురూ అవన్నీ వదిలేసి, పక్కన నిలబడ్డ వీరవేణి వైపు పాక్కుంటూ పోయి ఆమె కుచ్చెళ్ళు పట్టుకున్నారు. తల్లుల మొహాలు మాడిపోయాయి. వీరవేణి సిగ్గుతో చచ్చిపోయింది. "అమ్మ దగ్గిరికెళ్ళండర్రా," అని ఒక్కొక్కర్నీ వెనక్కి తిప్పి పంపితే, తిరిగి ఆమె దగ్గిరికే వచ్చారు. "ఎనమండుగురు పుట్టేరే నీకు ఒక్కరోజున!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పోలిరాజు మాత్రం నవ్వలేదు, వడ్డన చూసొస్తానని వెళ్ళిపోయాడు.

ఇక చదివింపులు. గంగబాబు గారు మొదట వచ్చారు. కవరు విప్పి చూస్తే నాలుగువేల ఎనిమిది వందల నలభై. వెనకే ఒకరు రెండువేల ఆరువందల తొంభైఆరు. ఇంకొకరు పద్దెనిమిది వందల ఎనభై. పాతికేళ్ళుగా నూటపదహార్లూ ఐదువందల పదహార్లూ చదివినవాణ్ణి, ఈ చిల్లర అంకెలేమిటని ఒక్క క్షణం ఆగానుగాని, వెంటనే నాకు నేనే అర్థం చెప్పేసుకున్నాను. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చారు పాపం! "ఆహా, ఏమి ఔదార్యం!" అని మైకులో రెండుసార్లు అన్నాను. వింటున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళు కూడా చలించిపోయారనుకున్నాను.

అరవై గడపా వచ్చింది. మొత్తం లక్షా పద్నాలుగు వేలు.

ఆ వారమంతా కూర్చుని సంస్థకి రిపోర్టు రాశాను. 'నిరుపేద మత్స్యకారులు తమ చివరి చిల్లర నాణెం సైతం' అనే వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, ఇంటావిడకి చదివి వినిపించాను. 'ఈ గ్రామం ఇకముందు ప్రతి ఏటా ఇదే విధంగా' అని కూడా రాశాను. ఆ ముక్క ఎవరూ రాయమనలేదు. వాక్యం అక్కడ ఆగితే తూకం చాల్లేదని రాశాను.

రెణ్ణెల్లకి మమత ఫోను చేసింది.

"మీ రిపోర్టు చూసి మా పెద్దవాళ్ళు ఎంత సంతోషించారో సార్! మీ ఊరినే అన్ని చోట్లా చెప్తున్నారు."

"మరి ఆ రెండేళ్ళ సంగతమ్మా?"

"అదే సార్. ఇంత చేసుకోగలిగిన ఊరికి మనమెందుకు, చేసుకోలేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి కదా అన్నారు. ఆ డబ్బు వేరే ఊరికి ఇచ్చేశారు."

"ఇంకొంచెం తక్కువ వస్తే బావుండేదంటావా అమ్మా?"

"నేను చెప్పినట్టు ఎవరితోనూ అనకండి," అంది ఆ అమ్మాయి, ఏడుపు గొంతుతో. "కొంచెం తక్కువ చూపించాల్సింది సార్."

ఈ మాట వీరవేణికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె నన్నొక్క మాట అనలేదు. "లక్ష ఉంది కదండి, లాగుదాం," అంది. లాగింది. ముందు తన జీతం మానుకుంది. తరవాత గుడ్డు రోజు మార్చి రోజైంది, ఆ తరవాత ఆదివారానికి మాత్రమే మిగిలింది. సాయం మనిషి షెడ్డుకి వెళ్ళిపోయింది. ముప్పై ఒక్కమంది పిల్లలతో ఒక్క మనిషి, పొద్దున్న నాలుగింటి నుంచి. ఒకడు అడ్డపలక ఎక్కడం నేర్చుకున్నాడని, ఆమె ఆ పలకకే వీపు ఆనించి కూర్చుని జావ తాగించడం నేను చూశాను. ఆ డబ్బుతో పది నెలలు నడిపింది. అంత లెక్క నాకూ రాదు.

మళ్ళీ వైశాఖం వచ్చింది. "ఈసారీ చేద్దామమ్మా," అన్నాను. "పోయినేడు లక్ష ఇచ్చిన ఊరు, ఈయేడు యాభై అయినా ఇవ్వదా?"

"ఇవ్వరేమోనండి," అంది.

"నీకు నమ్మకం తక్కువ!" అని కోప్పడి కార్డులు నేనే పంచాను. అందరూ "ఆయ్, అలాగేనండి మాస్టారూ," అంటూ మర్యాదగా పుచ్చుకున్నారు.

పందిరి వేశాం. సాంబారు, వంకాయ కూర, పులిహోర. బల్ల, పళ్ళెం, మైకు. పదకొండైంది. పన్నెండైంది. పెద్దవాళ్ళెవరూ రాలేదు. కట్నం చదివించకుండా భోంచెయ్యడం మా వైపు పరువు తక్కువ, అంచేత ఇవ్వదల్చుకోనివాళ్ళు తిండికి కూడా రారు. పిల్లలు మాత్రం పళ్ళాలు పట్టుకుని వచ్చారు. ఒకటిన్నరకి పళ్ళెంలో నేను వేసిన ఐదువందల పదహార్లే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గులేని ఊరమ్మా ఇది!" అన్నాను వీరవేణితో. "వాళ్ళ పిల్లల ముడ్లు కడిగి పెంచుతున్నావు. ఒక్కడికి, ఒక్కడికైనా కృతజ్ఞత ఉందా? ఆ గంగబాబు ఒకడు, మూడు బోట్లున్నాయి, మూడు రూపాయల మనసు లేదు..."

వీరవేణి బల్ల వైపు చెయ్యి చూపిస్తూ కంగారుగా ఏదో అంటోంది. నేను వినే స్థితిలో లేను. తీరా చూస్తే మైకు ఆన్‌లోనే ఉంది. ఈ ఉపన్యాసమంతా కొబ్బరిచెట్టుకి కట్టిన రెండు లౌడుస్పీకర్లలోంచి, నా ప్రసిద్ధమైన గొంతుతో, అరవై గడపకీ వినిపించింది.

ఐదు నిమిషాల్లో రాజ్యం మామ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, చూపు సగమే. చంకలో అట్ట ఊడిన పుస్తకం.

"ముందా మైకు కట్టెయ్యండి," అంది. కట్టేశాను. పుస్తకం నా ముందు పడేసింది. "చదవండి మాస్టారూ. తవరు చదవడంలో పేరున్నోరు కదా."

చదివాను. వాళ్ళింటి శుభకార్యాల పద్దు. పెద్దకూతురి ఓణీలకి వీరవేణి నూటపదహార్లు. పెళ్ళికి మూడొందల పదహార్లు. రెండో కూతురికి ఐదువందల పదహార్లు. మనవడి బారసాల, కొడుకు గృహప్రవేశం, మనవరాలి చెవులు కుట్టించడం. ఇరవై ఏళ్ళ అంకెల కింద ఒక గీత. గీత కింద రెండువేల ఆరువందల తొంభైఆరు. దాని పక్కన ఎర్ర సిరాతో: పోయినేడు చదివించేము, తీరింది.

ఆ అంకె నేనే చదివాను. ఔదార్యం అన్నాను.

"అది మేం ఇచ్చింది కాదండి, దానిదే దానికి ఇచ్చేం," అంది రాజ్యం మామ్మ. "పిల్లల్లేని ముండ, ఏ ఫంక్షనూ చెయ్యలేదు, ఇంతకాలం మా అందరి దగ్గరా దాచుకుంది. కార్డు మీద దాని పేరు చూసి, పాపం ఇన్నాళ్ళకి పిలిచింది కదాని లెక్కలు కట్టి, ఒక్క రూపాయి తగ్గకుండా తెచ్చి పెట్టేం. మాకు సిగ్గు లేదంటారేటండి? ఈయేడు మళ్ళీ ఇస్తే అది అప్పు. ఇది ఎప్పటికి తీర్చాలి? దీనింట్లో మనం ఇస్తే, రేపు మనింట్లో అది ఇవ్వాలి. జీతం లేని మనిషి నెత్తిన ఎందుకని ఎవరూ రాలేదు. దాని మంచికేనండి!"

"పోనీ పిల్లల కోసమని ఇవ్వొచ్చుగా మామ్మా?"

"పిల్లలకి ఉచితం అని రాసింది తవరే కదా, ఎర్రగా."

నేను వీరవేణి వైపు తిరిగాను. ఆమె పిల్లలకి పులిహోర వడ్డిస్తోంది.

"ఇది నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"మరి పోయినేడు చెప్పలేదేం?"

"చెప్తే తవరు వద్దనేవోరండి," అంది. "అవతల నెల తిరిగితే తలుపులేసేస్తామన్నారు."

పోలిరాజు అండాలు దించుతున్నవాడు కాస్త ఆగాడు. నా ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "రేకుల కొంపండి మాది," అన్నాడు. "శ్లాబేసుకుని గృహప్రవేశం చేద్దాం, అప్పుడు ఆ డబ్బొస్తాది, గోడల అప్పు తీరిపోద్ది అని ఇరవయ్యేళ్ళ నుంచీ చెప్తా ఉండేది. మా గోడలు తవరు మైకులో చదివేసేరండి." అని, తను అన్నది ఎక్కువైందనుకున్నాడేమో, "ఏమనుకోకండి మాస్టారూ, భోంచేసెళ్ళండి," అన్నాడు.

"ఊరుకో," అంది వీరవేణి. "ఇల్లు లేపోతే తడుస్తాం. తడిస్తే ఆరతాం. ఆళ్ళు ములిగిపోతారు."

ఆ మర్నాడు బోర్డు మీద 'ఉచితం' నేనే చెరిపాను. ఎర్రరంగు ఒక పట్టాన పోలేదు. పిల్లకి నెలకి మూడొందలు అన్నాం. తల్లులు ఎవరూ కాదనలేదు. మొదటి నెల ఇరవైఆరుగురు కట్టారు. రెండో నెల పంతొమ్మిది. అంతలో ఎక్కడో పైదేశంలో సుంకాలు పెరిగాయట, రొయ్య ధర పడిపోయింది. దగ్గర షెడ్డు మూసేశారు. దూరం షెడ్డుకి ఆటో మూడున్నరకే వస్తోంది, కూలి ముందుకంటే తక్కువ. మూడో నెల ఏడుగురు కట్టారు. కట్టలేనివాళ్ళు మొహమాటపడి పిల్లల్ని తీసుకురావడం మానేశారు. వీరవేణి ఇంటింటికీ వెళ్ళి, "డబ్బులడిగేనా? తీసుకురండే," అని బతిమాలింది. "ఊరికే ఎలా ఒదుల్తాం వదినా, నీకు మాత్రం ఎక్కణ్ణించి వస్తాది?" అన్నారు. వాళ్ళది పరువు, ఈమెది ప్రేమ. రెండూ మంచివే. రెండింటి మధ్యా జావ డబ్బులు లేవు.

నేను మమతకి ఫోను చేశాను. ఆ అమ్మాయి ఆ సంస్థలో లేదట. ఆమె స్థానంలో ఉన్నాయన చాలా మర్యాదస్తుడు, మా ఊరి పేరు వినగానే, "గుల్లతిప్పా! మీరు మాకు ఆదర్శం సార్," అన్నాడు. ఆయనకి నా పాత రిపోర్టు కంఠతా వచ్చు. అది అబద్ధమని చెప్పడానికి ప్రయత్నించాను. వినయం అనుకున్నాడు.

భాద్రపదంలో షెల్టరు తాళంచెవి పంచాయతీ వాళ్ళకి ఇచ్చేశాం. ఆ వారంలోనే వీరవేణి షెడ్డు ఆటో ఎక్కింది.

నెల తరవాత ఒక ఆదివారం గుల్లతిప్ప వెళ్ళాను. సంస్థవాళ్ళు అచ్చేసిన పుస్తకం ఒకటి పోస్టులో వచ్చింది. అందులో వీరవేణి ఫోటో, ఆకుపచ్చ చీరలో, కాళ్ళ చుట్టూ పిల్లలు. ఇస్తే సంతోషిస్తుందో బాధపడుతుందో తేల్చుకోలేక, పదిమైళ్ళు వెళ్ళాక కూడా తేలక, అలాగే నడిచాను. ఆమె ఇంటికి గడియ వేసి ఉంది. ఆదివారం కూడా పనేనట.

రెండిళ్ళవతల రాజ్యం మామ్మ వసారాలో నులకమంచం మీద పడుకుని ఉంది. వసారా గుంజకి ఒక పాత చీర ముడివేసి ఉంది. ఆ చీర రెండో కొస రెండేళ్ళ పిల్ల నడుముకి ఉంది. దుర్గాశ్రీ. మొదటి ఫంక్షనులో అరటిపండు పట్టుకున్న పిల్ల. గుంజ నుంచి నీళ్ళకుండ దాకా వెళ్ళొచ్చు, అంతకి మించి చీర సాగదు. కుండ దాకా వస్తుంది, నడుము దగ్గర బిగుసుకోగానే ఆగి వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ వస్తుంది. ఆ మేరంతా ఇసక మీద చిన్న దారి పడింది.

నన్ను చూసి నవ్వి చేతులు చాచింది. ఒంగి ముడి విప్పబోయాను. గట్టి ముడి. సగం వచ్చింది.

"ఎవరది? విప్పకండి!" మామ్మ దిగ్గున లేచి కూర్చుంది. "మాస్టారేనా? విప్పకండి మాస్టారూ. తవరు సాయంత్రానికి ఎల్లిపోతారు. కాలవ ఇక్కడే ఉంటాది. నాకు కళ్ళు ఆనవు."

"ఇలాగ కట్టిందెవరు మామ్మా? తల్లేనా?"

"వీరవేణండి. ఆటో వచ్చేలోగా పదిళ్ళకీ తిరిగి అదే కట్టొస్తాది. తల్లులు కడితే ఏడుస్తారండి పిల్లలు. అది కడితే ఏడవరు."

పుస్తకం చంకలోంచి జారిపోతే మంచం కోడు పక్కన పెట్టాను. సగం ఊడిన ముడి తిరిగి వెయ్యబోతే రాలేదు. వలలకి వేసే ముడి అది, బడిపంతులుకి ఎలా వస్తుంది? నాకొచ్చిన ముడేదో వేశాను. పిల్ల కదలకుండా నిలబడి నా వేళ్ళకేసి చూసింది. అలవాటైనట్టుంది.

మామ్మ తడుముకుంటూ వచ్చి ముడి పట్టి చూసింది.

"ఇది ఊడిపోద్దండి," అంది. "ఇంకాస్త బిగించండి."

బిగించాను.